చూడని చూపులు: ‘పాస్టోరల్ కన్సర్ట్’లో ప్రతీక ఎక్కడ మొదలవుతుంది?

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ‘పాస్టోరల్ కన్సర్ట్’ 1509 ప్రాంతంలో వెనిస్ చిత్రకారుల చేతిలో రూపుదిద్దుకున్న తైలవర్ణ చిత్రం. చాలాకాలం దీన్ని జార్జోనే గీశాడని నమ్మారు. నేడు ఎక్కువమంది పండితులు యువ టిషియన్ పేరు చెబుతున్నారు. పచ్చిక మీద ఇద్దరు యువకులు కూర్చుని ఉంటారు. ఎర్రని పట్టు దుస్తులవాడి చేతిలో ల్యూట్ వాద్యం ఉంది; పక్కవాడిది రేగిన జుట్టు, పల్లెటూరి వేషం. వారి ఎదుట ఒక వివస్త్ర స్త్రీ, వేణువు పట్టుకుని మనకు వీపు చూపుతూ కూర్చుంది. ఎడమవైపు మరొకామె గాజు కూజాతో రాతి తొట్టి మీదికి వంగింది. దూరాన ఒక కాపరి, అతని మంద.

ఇలాంటి చిత్రం ఎదురైతే ప్రతి వస్తువుకూ ఒక గూఢార్థం అంటగట్టాలని వ్యాఖ్యాతలు తొందరపడతారు. మన ఆలంకారికులు ‘లక్షణ’కు, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం వదిలి మరో అర్థం తీసుకోవడానికి, పెట్టిన షరతు ఇక్కడ నాకు ఎంతో ఉపయోగపడింది. ‘గంగలో పల్లె’ అన్నప్పుడు నీటి మీద ఊరు నిలవదు కనుకనే ‘గంగ ఒడ్డున’ అని గ్రహిస్తాం. ముఖ్యార్థానికి, అంటే నేరుగా ఉన్న అర్థానికి, అడ్డు తగిలితేనే మరో అర్థానికి దారి తెరుచుకుంటుంది.

ఈ చిత్రంలో ఆ అడ్డు చూపుల దగ్గర తగులుతుంది. చేతికందే దూరంలో ఇద్దరు నగ్న స్త్రీలు ఉన్నా, యువకులు ఒకరి వైపు ఒకరు వంగి తమ సంగీతంలోనే మునిగి ఉన్నారు. ఆ స్త్రీలు వనదేవతలు కనుక మానవుల కంటికి ఆనరని 1957లో కళాచరిత్రకారుడు ఫిలిప్ ఫెల్ వాదించారు. రెండేళ్ల తర్వాత పట్రీషియా ఈగన్ వారిని కవిత్వానికి మూర్తులుగా చదివారు. పదిహేనో శతాబ్దపు ఇటలీలో ‘మాంతెన్యా తారోకీ’ అనే పేరుతో ప్రసిద్ధమైన ముద్రిత చిత్రాల్లో ‘పొయేసియా’ (కవిత్వం) అనే స్త్రీ ఒక చేత్తో వేణువు ఊదుతూ, మరో చేత్తో కూజాలోని నీరు పోస్తుంటుంది. ఒక్క మూర్తికి ఉన్న ఆ రెండు గుర్తులూ ఇక్కడ ఇద్దరు స్త్రీల మధ్య పంచుకున్నట్టు ఉన్నాయి. ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవని నా అభిప్రాయం: పాటకు ప్రాణం పోసే శక్తి పాడేవాడి కంటికి కనిపించాలని లేదు.

1863లో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే ‘లే దెజ్యూనే స్యూర్ లెర్బ్’ (పచ్చిక మీద భోజనం) గీసినప్పుడు ఈ ఏర్పాటునే తీసుకుని, నగ్న స్త్రీ చూపును నేరుగా ప్రేక్షకుడి మీదికి తిప్పాడు. ఆమెను దేవతగా భావించే అవకాశం పోయింది. పారిస్ ప్రేక్షకులు ఇబ్బంది పడ్డారు.

అయితే పట్టు దుస్తులవాడు నగరమనీ, పల్లెటూరివాడు ప్రకృతి అనీ, వారి కలయిక ఏదో తాత్విక సమన్వయమనీ చెప్పే వ్యాఖ్యలను నేను ఒప్పుకోలేను. 1504లో అచ్చయిన, ఇటలీ కవి సన్నజారో గొల్లల జీవితం మీద రాసిన ‘ఆర్కాడియా’ చదివిన పాఠకులకు, నాగరికుడు గొల్లల మధ్య కూర్చుని పాటలు వినడం పరిచితమైన సన్నివేశమే. అక్కడ ముఖ్యార్థానికి ఏ అడ్డూ లేదు. వెనక మందతో కనిపించే కాపరిదీ అదే సంగతి. అతను మంద కాస్తున్నాడు, అంతే.