పాత ఉద్యోగం సైటు దాకా వెంట వస్తుంది

పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే చదువు పూర్తి చేసి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఆ మాట చెబుతోంది. ఇంటీరియర్ డిజైనర్ అని రాసుకోవడానికి విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకుంటే చాలు. పైగా ఆ చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరునే కానీ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను వాళ్ల చూపు మాత్రం వేరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏఏ సెక్షన్ లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్ల వరసలోనే ఇంటీరియర్ డెకరేషన్‌నీ వృత్తిగా లెక్కేసింది. పని మొదలుపెట్టేటప్పుడు నీ అర్హత ఏమిటని అడిగేవాళ్లు లేరు. డబ్బు వచ్చాక లెక్క చెప్పమనేవాళ్లు ఉన్నారు.

గడప దగ్గర అడ్డు లేదు కాబట్టే ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసులో దారి మార్చుకోవాలనుకునేవాళ్ల కళ్లు ముందు దీని మీద పడతాయి. హైదరాబాద్ పడమటి వైపు అయితే చెప్పక్కర్లేదు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్‌లలో లేస్తున్న టవర్లలో బిల్డర్ చాలావరకు ఇచ్చేది గోడలు, టైల్స్, తలుపులు, కిటికీలు. కప్‌బోర్డులు, కిచెన్, ఫాల్స్ సీలింగ్ కొన్నవాళ్లే చేయించుకోవాలి. తాళాలు చేతికొచ్చిన ప్రతి ఫ్లాటూ ఎవరికో ఒకరికి పనే. లివ్‌స్పేస్, హోమ్‌లేన్ లాంటి ఇంటీరియర్ కంపెనీలు 2014లో పుట్టి ఇంత పెరిగాయంటే ఊరూరా ఉన్న ఈ ఖాళీ గోడలే కారణం. సాఫ్ట్‌వేర్ నుంచి, బ్యాంకు నుంచి, స్కూలు నుంచి ఇటు వస్తున్నవాళ్లని ఎందుకు వస్తున్నారని అడిగి చూడండి. దాదాపు అందరిదీ ఒకటే జవాబు. ‘క్రియేటివ్‌గా ఏదైనా చేయాలని ఉంది.’

నాకు అనుమానం వచ్చేది ఈ జవాబు దగ్గరే.

మా అపార్ట్‌మెంట్లలో ఈ నాలుగైదేళ్లలో ముగ్గురు ఇలా మారారు. ఇద్దరు మళ్లీ ఉద్యోగాల్లో చేరిపోయారు. ఒకావిడ నిలబడింది. నిజం చెప్పాలంటే ఆమె కంప్యూటర్‌లో గీసే త్రీడీ బొమ్మలు ఆ ఇద్దరి బొమ్మలంత బాగుండవు. ఆమె పదకొండేళ్లు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసింది. కాగితం మీద రాసినదాంట్లో ఏం రాయలేదో చూడటం అక్కడ అలవాటైంది. ఆ అలవాటే ఇప్పుడు అన్నం పెడుతోంది.

ఎలాగంటే, వార్డ్‌రోబ్ కొటేషన్ తీసుకోండి. చాలామంది ముందు వైపు కొలతకే రేటు రాస్తారు. ఏడడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు అయితే 56 చదరపు అడుగులు, ఇంటూ రేటు. అయిపోయింది. లోపల అరలెన్ని, సొరుగులు అందులో కలిసే ఉన్నాయా, వెనక వేసే ప్లైవుడ్ ఆరు మిల్లీమీటర్లదా తొమ్మిదిదా, తలుపుల కబ్జాలు (హింజెస్) ఏ కంపెనీవి, ఇవేవీ ఉండవు. ప్లై గురించి ‘వాటర్‌ప్రూఫ్’ అని ఒక్క మాట ఉంటుంది. తేమకి కొంతవరకు ఆగే మామూలు రకం ప్లైకి ఐఎస్ 303 అనీ, నీళ్లలో ఉడకబెట్టినా అతుకులు విడిపోని రకానికి ఐఎస్ 710 అనీ ప్రమాణాలున్నాయి. రెండింటి ధరలోనూ బాగా తేడా ఉంటుంది. సింకు కింద 710 వేయాలి, పడకగదిలో 303 సరిపోతుంది. కొటేషన్‌లో ఈ నంబరు లేకపోతే షాపువాడు పంపిందే వాటర్‌ప్రూఫ్. బ్యాంకు మేడం కొటేషన్ నాలుగు పేజీలుంటుంది, చదవడానికి విసుగ్గా కూడా ఉంటుంది. పని మధ్యలో గొడవలు రావు.

డ్రాయింగ్ నేర్చుకోవడం అసలు కష్టం కాదని నేననను. అయితే ఆటోక్యాడ్, స్కెచప్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు పట్టుదలగా కూర్చుంటే ఏడాదిలో చేతికొస్తాయి. అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీలో 1991 నుంచి ఇంటీరియర్ డిజైన్‌ని ప్రత్యేకంగా ఏళ్ల తరబడి నేర్పుతున్నారు. ఆ చదువుకీ ఆరు నెలల డిప్లొమాకీ పోలికే లేదు. కానీ నలభై ఏళ్లవాళ్లు ఇల్లు వదిలి నాలుగేళ్లు చదవడానికి వెళ్లరు కదా. వాళ్లు ఆరు నెలల కోర్సులోనే చేరతారు, అక్కడ త్రీడీ నేర్చుకుంటారు. త్రీడీలో గోడలన్నీ నిటారుగా ఉంటాయి, వెలుతురు ఎప్పుడూ సాయంత్రం నాలుగింటిదే ఉంటుంది.

సైటుకి వెళ్లాక గోడ పైన ఒక కొలత, కింద ఒక కొలత. ప్లాస్టరింగ్ అర అంగుళం అటూ ఇటూ. డ్రాయింగ్‌లో 597 మిల్లీమీటర్లు అని ఉంటే కార్పెంటర్ నవ్వుతాడు. ఆయన లెక్క అడుగులు, అంగుళాలు, సూత్‌లు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎలక్ట్రీషియన్ గోడ కొట్టకముందే డిష్‌వాషర్ పాయింటు ఎక్కడో చెప్పాలి. మర్చిపోతే టైల్స్ వేసిన గోడని మళ్లీ పగలగొట్టాలి. మా ఇంట్లో కిచెన్ చేసినవాళ్లు చిమ్నీ పైపు సంగతి మర్చిపోయారు. ఆ పైపు అడ్డొచ్చి అటక తలుపు ఒకటి ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది. అందులో ఎవరూ వాడని పెళ్లినాటి స్టీలు బిందెలు పెట్టాం.

ఇక ముహూర్తం. సాఫ్ట్‌వేర్‌లో పని అవ్వకపోతే తర్వాతి రిలీజ్‌లో పెడదాం అనొచ్చు. గృహప్రవేశానికి అలా కుదరదు. ఆషాఢంలో చేయరు, మూఢం వస్తే నెలల తరబడి ఆగాలి. పంతులుగారు శ్రావణంలో ఒక తేదీ చెప్పి, కార్డులు పంచేశాక పెయింటర్ రాలేదంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. నగరంలో కార్పెంటర్లలో చాలామంది రాజస్థాన్, యూపీ నుంచి వచ్చినవాళ్లు. హోలీకి, దీపావళికి ఊరెళ్తే ఎప్పుడొస్తారో చెప్పలేం. తెలుగు పంచాంగాన్నీ వాళ్ల పండగల్నీ పక్కపక్కన పెట్టుకుని పని రోజులు లెక్కేయగలిగినవాళ్లే ఇక్కడ నిలబడతారు. ప్రాజెక్ట్ మేనేజర్‌గా పదేళ్లు చేసినవాళ్లకి ఇది కొట్టిన పిండి. విచిత్రం ఏమిటంటే, వాళ్లు సరిగ్గా ఆ పని నుంచి పారిపోవాలనే ఇటు వస్తారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు పాత ఉద్యోగాన్ని గేటు బయట వదిలేసి వద్దామనుకుంటారు. వదలనివాళ్లే గట్టెక్కుతున్నారు.

ఇది ఇప్పటి సంగతే కాదు. అమెరికాలో ఇంటి అలంకరణని డబ్బు తీసుకుని చేసే వృత్తిగా నిలబెట్టిన తొలితరంలో ముందు వినిపించే పేరు ఎల్సీ డి వోల్ఫ్. ఆమె రంగస్థల నటి. నటన కంటే ఆమె కట్టుకొచ్చే దుస్తుల గురించే జనం ఎక్కువ మాట్లాడుకునేవారట. నలభై దాటాక, 1905లో న్యూయార్క్‌లోని కాలనీ క్లబ్ అలంకరణ పని ఆమెకి దక్కింది. అప్పటి ఇళ్లలో చీకటి చెక్కలు, బరువైన తెరలు. ఆమె వాటిని తీసేసి లేత రంగులు, పూల గుడ్డలు, వెలుతురు తెచ్చింది. ప్రేక్షకుడి కుర్చీలోంచి వేదిక ఎలా కనిపిస్తుందో ఏళ్ల తరబడి ఆలోచించిన మనిషికి, గుమ్మంలో నిలబడినప్పుడు గది ఎలా కనిపించాలో తట్టడం వింత కాదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ పని ఇప్పించడంలో ఆ భవనం కట్టిన ఆర్కిటెక్ట్ స్టాన్‌ఫర్డ్ వైట్ మాట సాయం ఉంది. పరిచయాలు కూడా పాత వృత్తి ఇచ్చే ఆస్తే. 1999లో వెంకటేశ్ పక్కన తెలుగులో నటించిన ట్వింకిల్ ఖన్నా సినిమాలు మానేసి 2002లో ముంబైలో ఇంటీరియర్ స్టోర్ తెరిచారు. అలాంటివాళ్లని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు, తమ ఫోన్‌లో ఉన్న నంబర్లు ఎవరివో కూడా ఒకసారి చూసుకోవాలి.

అందరికీ సినిమా పరిచయాలు అక్కర్లేదు. ఆసుపత్రిలో నర్సుగా, ఫిజియోథెరపిస్టుగా చేసినవాళ్లు ఈ రంగంలోకి ఎందుకు ఎక్కువగా రావడం లేదో నాకు అర్థం కాదు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉండే ఫ్లాట్లు ఈ ఊళ్లో ఎన్నో. బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు ఉంటుంది. చట్రం, తలుపు మందం పోగా వీల్‌చెయిర్ దూరడం కష్టం. అందరికీ అందుబాటుగా ఉండే కట్టడాల కోసం 2021లో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు తలుపు దగ్గర 900 మిల్లీమీటర్ల ఖాళీ దారి ఉండాలంటాయి. రాత్రి రెండింటికి లేచిన పెద్దాయన చెయ్యి ముందు ఎక్కడ పడుతుందో, పట్టుకునే కమ్మీ అక్కడ ఉండాలి. ఆ చోటు ఏ కోర్సులోనూ చెప్పరు. వార్డులో నైట్ డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు.

డబ్బు సంగతికి వద్దాం. గీసి ఇచ్చి ఫీజు తీసుకోవడం ఒక పద్ధతి. మొత్తం పని ఒప్పుకుని సామాను, కూలీ అన్నీ తనే చూసుకోవడం రెండోది. రెండో దాంట్లో ఎక్కువ మిగులుతుందని అందరూ అటే వెళ్తారు. అప్పుడు ప్లై డబ్బు, గ్రానైట్ డబ్బు అన్నీ మన ఖాతాలోంచే నడుస్తాయి. మూడు ఫ్లాట్లు చేసేసరికి ఏడాది రాబడి 20 లక్షలు దాటుతుంది, జీఎస్టీ నమోదు తప్పదు, బిల్లు మీద 18 శాతం పడుతుంది. చేతిలో మిగిలింది మాత్రం పాత జీతంలో సగం ఉండకపోవచ్చు. ఫీజు మాత్రమే తీసుకుంటే ఆ పరిమితి దాటడానికి చాలా కాలం పడుతుంది.

కమీషన్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. క్లయింట్‌ని తీసుకెళ్తే షాపుల వాళ్లు డిజైనర్‌కి ఎంతో కొంత ఇవ్వడం మామూలే. కొత్తవాళ్లకి సీనియర్లు చెప్పే మొదటి రహస్యం కూడా ఇదే, అసలు సంపాదన అక్కడే ఉందని. నా దృష్టిలో ఇది తప్పు. ప్లై మీద అతికించే షీట్లలో ఎక్కువ కమీషన్ ఇచ్చే లామినేట్‌ని మంచి లామినేట్ అని చెప్పిన రోజు నుంచి మీరు డిజైనర్ కాదు, ఆ షాపు సేల్స్‌మన్. అలాగని తప్పంతా వాళ్ల మీద తోయలేను. అరవై లక్షలో కోటో పెట్టి ఫ్లాట్ కొన్నవాళ్లే ‘గీసినందుకు కూడా డబ్బులా?’ అంటారు. ముగ్గురి దగ్గర ఉచితంగా త్రీడీలు వేయించుకుని, అందులో బాగున్నది నాలుగోవాడికి వాట్సాప్ చేసి తక్కువలో చేయమంటారు. ఫీజు ఇవ్వని చోట కమీషన్ పుట్టక ఏమవుతుంది?

గడప దగ్గర అడ్డు లేదన్నాను కదా, అది అందరికీ ఒకేలా లేదు. ఇరవై ఏళ్లుగా చెక్క కోస్తున్న మేస్త్రికి ఏ ప్లై ఎక్కడ ఉబ్బుతుందో, చీమకుర్తి గ్రానైట్ కింద ఎంత ఆధారం ఉండాలో తెలుసు. ఆయన కూడా వృత్తి మారాలనుకోవచ్చు. ఆయన కార్డు మీద ఇంటీరియర్ డిజైనర్ అని రాసుకుంటే ఆ పై అంతస్తుల ఫ్లాట్లవాళ్లు పిలుస్తారా? ల్యాప్‌టాప్, ఇంగ్లిష్, అదే కమ్యూనిటీలో ఒక ఫ్లాట్ ఉన్నవాళ్లకి ఆరు నెలల్లో దొరికే గౌరవం ఆయనకి ఇరవై ఏళ్లలో దొరకలేదు.

మా బ్యాంకు మేడం తన డ్రాయింగులు క్లయింట్‌కి చూపించేముందు ఒక మేస్త్రికి చూపిస్తుంది. ఆయన అరగంట చూసి పెన్సిల్‌తో నాలుగు గీతలు గీస్తాడు. ఈమధ్య కొటేషన్‌లో దానికో లైను కలిపింది, ‘డ్రాయింగ్ చెకింగ్, మేస్త్రి’ అని, ఎదురుగా రెండు వేల రూపాయలు వేసి. నాలుగు పేజీల్లో క్లయింట్లు ముందుగా బేరమాడేది ఆ లైను మీదేనట.