టీ మానేస్తే నోటు తీరదు

"అప్పు లేని జీవితానికి 8 సూత్రాలు" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. పంపేవాళ్ళంతా మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. కానీ పంపే ముందు అందులోని లెక్కను ఒక్కరైనా కూడి చూశారా? అనంతపురం జిల్లాలో సేద్యం మీదో చిన్న అంగడి మీదో బతుకుతూ ప్రామిసరీ నోటు మీద అప్పు తెచ్చుకున్న ఇల్లు ఈ మెసేజ్‌ను నమ్మి నడిస్తే మునుగుతుంది. అందుకే ఇంత పొడుగు జవాబు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. బయట తాగే టీలు రోజుకు 20 రూపాయలు, టిఫిన్ 40, పెట్రోలు 30, ఫోను 10. మొత్తం వంద. ఇవన్నీ మానేస్తే ఏడాదికి 36,500, అయిదున్నరేళ్ళకు రెండు లక్షలు. "మీ రెండు లక్షల అప్పు మాయం" అని కింద చప్పట్ల బొమ్మ.

మరి వడ్డీ ఏదీ? ఎనిమిది సూత్రాలు వెతికినా వడ్డీ ఎంత అన్న అంకె ఒక్కచోట లేదు. నెలకు నూటికి మూడు చొప్పున తెచ్చిన రెండు లక్షలకు నెలకు ఆరు వేలు వడ్డీ. టీ మాని డబ్బు కూడబెట్టే ఆ అరవై ఆరు నెలలూ ఆ ఆరు వేలు విడిగా కడుతూనే ఉండాలి. కూడితే 3,96,000. రెండు లక్షల అప్పుకు నాలుగు లక్షల వడ్డీ, ఆపైన అసలు. కట్టలేకపోతే ఇంకా ఘోరం. నోటుకు గడువు మూడేళ్ళే కాబట్టి అవి నిండే ముందు తిరగరాయిస్తారు. మూడేళ్ళ వడ్డీ 2,16,000 అసల్లో కలిసి కొత్త నోటు 4,16,000కు లేస్తుంది. ఆ నెల నుంచి వడ్డీ 12,480. ఏడాది పొడుగునా టీ మాని మిగిల్చిన 7,300 పాత నోటుకే ముప్పై ఆరు రోజుల వడ్డీకి సరిపోతుంది. కొత్త నోటుకు పద్దెనిమిది రోజులు కూడా రాదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ పొదుపు నిజంగా పనిచేస్తుంది. రోజుకు వంద చొప్పున నెలకు మిగిల్చిన మూడు వేలను అప్పిచ్చినాయన ప్రతి నెలా అసలు కింద జమ వేసుకుని, మిగిలిన అసలుకే వడ్డీ లెక్కగడితే, నెలకు తొమ్మిది వేల చొప్పున ముప్పై ఎనిమిది నెలల్లో నోటు తీరుతుంది. చాలామంది దీనికి ఒప్పుకోరు. "అసలు చిల్లరగా వద్దు, ఒకేసారి తెచ్చియ్యి" అంటారు. వాళ్ళకు కావాల్సింది నెలనెలా వచ్చే ఆరు వేలు. అయినా అడగండి. ఒప్పుకుంటే ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించండి: తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, "అసలు కింద" అన్న మాట, ఆయన సంతకం. ఉత్తగా "ముట్టినది" అని రాస్తే అది వడ్డీ కింద పోయిందని రేపు అంటారు. ఫోన్‌పేలో పంపినా నోటు మీద చెల్లు పడాల్సిందే. చెల్లు కింద మీ సంతకం కూడా ఉంటే నోటుకు ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు గడువు వస్తుంది, నిజమే. తీర్చాలనుకునే మనిషికి దానితో నష్టం లేదు. అసలు తగ్గిందనడానికి రుజువు ఉండటం ముఖ్యం.

అన్నిటికంటే చేటు చేసేది ఆరో సూత్రం. "ఆడవాళ్ళ ఒంటి మీద బంగారం కుదువ పెట్టడం ఇంటికి అరిష్టం. వడ్డీ సక్రమంగా కడుతూ, పొదుపుతో అసలు కూడబెట్టుకోండి." ఈ ఒక్క వాక్యం వల్ల ఎన్ని ఇళ్ళు బీరువాలో బంగారం పెట్టుకుని నూటికి మూడు వడ్డీ కడుతున్నాయో! పరువు పోతుందని కుదువ పెట్టరు. నెలనెలా ఆరు వేలు ఇంటి నుంచి పోతుంటే మాత్రం ఊళ్ళో ఎవరికీ కనపడదు కాబట్టి అది పరువు తక్కువ కాదు. ఇక్కడ నాకు ఓపిక చచ్చిపోతోంది.

లెక్క చూడండి. బ్యాంకులో బంగారం మీద లోను ఏడాదికి నూటికి తొమ్మిది ప్రాంతంలో దొరుకుతుంది. రెండు లక్షలకు నెలకు 1,500. ఆ డబ్బుతో నోటు తీర్చేసి, ఇన్నాళ్ళూ వడ్డీ కిందే పోసిన అదే ఆరు వేలను ఇక నుంచి బ్యాంకుకు కట్టండి. ముప్పై తొమ్మిది నెలల్లో అసలూ వడ్డీ తీరి బంగారం ఇంటికి వస్తుంది. ఒక్క టీ మానక్కర్లేదు. ఆ ఆరు వేలకు మెసేజ్ చెప్పిన మూడు వేలు కూడా కలిపారా, ఇరవై అయిదు నెలలు చాలు. పొదుపుకు విలువ వచ్చేది వడ్డీ రేటు దిగాకే.

దీంట్లో తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. మొదటిది, బంగారం మీద తెచ్చిన డబ్బు రెండు రోజులు ఇంట్లో ఉంటే చాలు, ఎరువులకో, మోటారు రిపేరుకో, బంధువుల పెళ్ళికో పోతుంది. అప్పుడు నోటూ ఉంటుంది, లోనూ ఉంటుంది. నోటు ఇచ్చినాయనకు ముందే చెప్పి, బ్యాంకు నుంచి నేరుగా ఆయన దగ్గరికే పోవాలి. రెండోది, బ్యాంకువాళ్ళు రాళ్ళు, పూసలు, లక్క బరువు తీసేసి నికర బరువుకే లెక్క కడతారు. ఇంట్లో అనుకున్నంత రాదు. నోటు మొత్తానికి సరిపోతుందో లేదో ముందే తూకం వేయించి తెలుసుకోండి. అర్హత ఎక్కువ వచ్చిందని పైన ఇంకో యాభై వేలు మాత్రం తీసుకోవద్దు. మూడోది, ఈ లోన్లు చాలావరకు ఏడాది గడువు మీద ఇస్తారు. గడువుకు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవడం అలవాటైతే బంగారం ఎప్పటికీ రాదు, చివరికి వేలం నోటీసు వస్తుంది. నెలనెలా కొంత జమ చేసుకుంటారా అని లోను పెట్టేటప్పుడే అడగాలి. నాలుగోది, ప్రైవేటు గోల్డ్ ఫైనాన్స్ బోర్డు మీద కనపడే తక్కువ రేటు నెలనెలా వడ్డీ తప్పకుండా కట్టేవాళ్ళకు. రెండు మూడు నెలలు ఆలస్యమైతే రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. సంతకం పెట్టే ముందు ఆ మెట్ల కాగితం చదవండి.

బంగారం లేనివాళ్ళ సంగతి? పొలం ఉంటే పంట లోను చూడండి. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా పొలం తనఖా లేకుండా ఇవ్వవచ్చు. మూడు లక్షల లోపు పంట లోనుకు వడ్డీ ఏడు శాతం, గడువు లోపల కడితే నాలుగే. గడువు తేదీ దాటితే లక్షకు ఏడాదికి మూడు వేలు చేజేతులా పోతుంది. అది అయిదు నెలల టీ డబ్బు. తేదీని గోడ మీది క్యాలెండర్లో రాసుకోండి. కౌలు రైతుకు పంట లోను రావడానికి కావాల్సిన పంట సాగుదారు హక్కు పత్రానికి 2019 చట్టం ఉంది. భూమి యజమాని సంతకం దగ్గర ఆగిపోతుంది కాబట్టి కౌలు మాట్లాడుకునే రోజే ఆ సంగతీ మాట్లాడుకోవాలి. ఇంకొకటి చాలామంది అడగనిది: ప్రైవేటు అప్పుల్లో చిక్కిన రైతు ఆ అప్పు తీర్చుకోవడానికి బ్యాంకు ఇచ్చే లోనును రిజర్వ్ బ్యాంకు ప్రాధాన్య రంగం (బ్యాంకులు తమ లోన్లలో కొంత వాటా ఇవ్వాల్సిన పద్దు) కింద లెక్కిస్తుంది. మీకే ఇచ్చి తీరాలని కాదు, మేనేజరు ఇష్టం. కానీ ఆ మాటే చెప్పి, నోటు నకలు పెట్టి, అర్జీ రాసి ఇవ్వాలి. పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్ళకు సంఘం లోను, సంఘం మొత్తానికి మూడు లక్షల వరకు, ఏడు శాతానికే వస్తుంది. దాన్ని తెచ్చి ఫ్రిజ్ కొనడం కంటే నోటు తీర్చడం మేలు.

అయిదో సూత్రం చదివితే కోపం వస్తుంది. "రోజూ వాడే మందులు డాక్టరును అడిగి తగ్గించండి లేదా రోజు విడిచి రోజు వాడండి. బీమా ప్రీమియంలు ఆపేయండి." బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే పక్షవాతం వచ్చే ముప్పు ఉంటుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉచితంగా జరిగినా, కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ఇద్దరు మనుషులు పదిహేను రోజులు ఉండటం, ఇంటికొచ్చాక నెలల తరబడి ఫిజియోథెరపీ, సంపాదించే మనిషి మంచాన పడటం ఏ కార్డులోనూ రావు. ఆ డబ్బు మళ్ళీ నూటికి అయిదుకు తెస్తారు. మందుల ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, లేనివి జన ఔషధి అంగట్లో తక్కువకు దొరుకుతాయి. మాత్ర మానకూడదు, కొనే చోటు మార్చుకోవాలి.

బీమా సంగతి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలు పోయే జీవన జ్యోతి, 20 రూపాయలు పోయే సురక్ష బీమా, ఈ రెంటినీ ఆపమని ఏ నోటితో చెప్పారు? మొదటిదానికి ఎలా చనిపోయినా, రెండోదానికి ప్రమాదంలో చనిపోతే, ఇంటివాళ్ళకు రెండు లక్షల చొప్పున వస్తుంది. నోటు మీద సంతకం పెట్టిన మనిషి పోతే ఆ నోటు పట్టుకుని గడప ముందుకు వచ్చేది భార్య దగ్గరికే. మే నెలాఖరులో ఖాతాలో 456 రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే జూన్ 1 నుంచి బీమా ఉండదు.

మిగిలినవి త్వరగా చెప్పి వదిలేస్తాను. రీఛార్జ్ తగ్గించమన్నారు. బ్యాంకు ఓటీపీ, కూలి పిలుపు, పిల్లల కాలేజీ మెసేజ్ అన్నీ ఆ ఫోనుకే వస్తాయి. ఉంచుకోండి. బండి వదిలి బస్సెక్కమన్నారు. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే, మగవాళ్ళు ఊరికి బస్సుంటే ఎక్కుతారు. పాలు, గుడ్లు తగ్గించమన్నారు. సంగటిలోకి ఊరిబిండితో సరిపెట్టుకునే ఇంట్లో పిల్లలకు దొరికే గుడ్డు మీద పడి అప్పు తీర్చమనడం తప్పు. అంతకు మించి దానిమీద మాట్లాడను.

ఏడో సూత్రం: చిన్న అప్పు ముందు తీర్చండి, ధైర్యం వస్తుంది. ధైర్యం కాదు, రేటు చూడాలి. సంఘం లోను బాకీ ముప్పై వేలు, నోటు రెండు లక్షలు ఉన్నాయనుకోండి. చేతిలో ముప్పై వేలు పడితే చిన్నదని సంఘం లోను మూసేస్తే ఏడాదికి మిగిలేది 2,100. అదే ముప్పై వేలు నోటు అసల్లో పడితే 10,800. చిన్నదీ ఖరీదైనదీ రెండూ ఒకటే అయ్యేది డైలీ ఫైనాన్స్ దగ్గరే. అది ముందు తీర్చాల్సిందే. పది వేలకు రాయించుకుని, 1,500 పట్టుకుని, 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. "పది వేలకు పదిహేను వందలే కదా" అనుకుంటారు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతుంది కాబట్టి నిజానికి అది నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. డెబ్బై కంతులు కాగానే "ఇంకో పది వేలు తీసుకో అన్నా" అని వస్తారు. పాత బాకీ 3,000, కొత్త కోత 1,500 పోగా చేతికొచ్చేది 5,500. వంద కంతులు మళ్ళీ మొదటి నుంచి. ఆ రెండో పదివేలు తీసుకోకుండా మిగిలిన ముప్పై కంతులు కట్టి ముగించండి. మండీ నుంచి తెచ్చిన అడ్వాన్సుకూ ఇదే చూపు కావాలి. కాగితం మీద వడ్డీ ఉండదు, ఉల్లిగడ్డ, టమాటా ఆ మండీకే వేయాలి కాబట్టి కమీషను, తూకం కోత రూపంలో పోతుంది.

ఎనిమిదో సూత్రం, "రోజు ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి" అన్నది, మంచి మాట. పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ మెసేజ్ రాసినవాళ్ళు ఆ బుక్కులో ఏం కనపడుతుందో ఊహించలేదు. నెల రోజులు నిజాయతీగా రాస్తే టీ పక్కన ఇంకో పద్దు తేలుతుంది, ఎనిమిది సూత్రాల్లో ఎక్కడా లేనిది: మందు. చవకైన క్వార్టర్ 99 రూపాయలు. రోజుకొకటి అంటే నెలకు 2,970. నూటికి మూడు మీద లక్ష రూపాయల నోటుకు నెల వడ్డీ మూడు వేలు. రోజువారీ ఖర్చుల్లో నోటుతో తూగేది ఇదొక్కటే. టీ గురించి అన్ని వాక్యాలు రాసి దీని గురించి ఒక్కటీ రాయకపోవడం ఆ మెసేజ్‌లో పెద్ద లోపం. ఇంటి ఆడవాళ్ళు ఈ మాట అంటే గొడవవుతుంది, బుక్కులో అంకె ఉంటే దాని మీద మాట్లాడటం తేలిక.

ఆ బుక్కులోనే వెనక పేజీలో అప్పుల పట్టిక రాసుకోవాలి. ఎవరి దగ్గర, ఎంత, ఏ రేటు, నోటు తేదీ, ఎవరు సాక్షి, ఖాళీ చెక్కు ఇచ్చామా, పాస్‌బుక్ పెట్టామా. అన్ని రేట్లూ నెలకు నూటికి ఎంత అన్న ఒకే లెక్కలోకి మార్చి, ఎక్కువ రేటు నుంచి తక్కువకు వరస పెట్టాలి. బ్యాంకు తొమ్మిది శాతం అంటే నెలకు ముప్పావలా. నోటుది మూడు రూపాయలు. ఒకదాని పక్కన ఒకటి రాస్తే ముందు ఏది తీర్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

తీర్చే రోజు ఒంటరిగా పోవద్దు. నోటు మీది సాక్షుల్లో ఒకరిని తీసుకుపోండి. డబ్బు బల్ల మీద పెట్టే ముందు అసలు నోటు చూపించమనండి, జిరాక్స్ కాదు. వెనక "అసలు, వడ్డీ పూర్తిగా చెల్లు" అని తేదీతో రాయించి సంతకం తీసుకుని నోటు మీ చేతికి తెచ్చుకోండి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులు ఎన్నో లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. చెక్కు పోయిందంటే ఆ నంబరు రాసి, అప్పు తీరిందని వాళ్ళతో కాగితం రాయించి, అదే రోజు బ్యాంకులో ఆ చెక్కుకు స్టాప్ పేమెంట్ పెట్టండి. పొలం గానీ రిజిస్ట్రేషన్ చేసిచ్చి ఉంటే తిరిగి మీ పేర రిజిస్టరు కావడానికి అదే రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో టోకెన్ పెట్టుకున్నాకే డబ్బు ఇవ్వండి.