అందరికీ ఒకే వ్యక్తిత్వం

మా కార్యాలయంలో వ్యక్తిత్వ పరీక్ష పెట్టాలన్న ఆలోచన హెచ్‌ఆర్ విభాగానికి ఎందుకు కలిగిందో గానీ, సిబ్బంది అంతా ఒక మధ్యాహ్నం కంప్యూటర్ల ముందు కూర్చుని, 'నేను నలుగురితో ఇట్టే కలిసిపోతాను', 'చిన్న విషయానికే కలత చెందుతాను' వంటి వాక్యాలకు ఎంతవరకు అంగీకరిస్తామో తెలిపే ఐదు గడుల్లో ఏదో ఒకటి నొక్కుతూ గడిపారు. దీనికీ జీతాల పెంపుకీ ఏదో లంకె ఉండి తీరుతుందని నమ్మిన అకౌంట్స్ పెద్దాయన, 'నాకు ఎన్నడూ కోపం రాదు' అన్నదానికి పూర్తిగా అంగీకరించి, ఆ వెంటనే మౌస్ సరిగా కదలడం లేదని అటెండరు మీద కేకలు వేశారు.

తరువాతి వారం పేరుపేరునా నివేదికలు వచ్చాయి. 'మీరు పైకి నిబ్బరంగా కనిపించినా లోలోపల ఆందోళన పడుతుంటారు. ఇతరుల మెప్పు కోరుకుంటారు గానీ మిమ్మల్ని మీరే ఎక్కువగా విమర్శించుకుంటారు. మీ సామర్థ్యంలో చాలా భాగం ఇంకా వినియోగంలోకి రాలేదు.' పెద్దాయన కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్ల కాపురంలో మా ఆవిడ కనిపెట్టలేనిది ఈ కంప్యూటరు పట్టేసిందండీ!" అంటూ, మేనేజరు దృష్టికి తీసుకెళ్లేందుకు చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. రిసెప్షన్‌లోని అమ్మాయి అయితే తన కాగితాన్ని లామినేషన్ చేయించింది.

క్యాంటీన్‌లో ఎవరో ఇద్దరు తమ కాగితాలను పక్కపక్కన పెట్టి చూసుకోవడంతో గుట్టు రట్టయింది. పైన పేర్లు వేరు, కింద విషయం అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా ఉంచిన పేజీయే అందరికీ అచ్చయిందట.

మా ప్రింటరు పొరపాటున చేసిన ఈ పనినే 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కావాలని చేశాడు. 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, పత్రికల దుకాణంలో దొరికిన జ్యోతిష పుస్తకంలోంచి ఏరిన వాక్యాలతో ఒకే వర్ణన తయారుచేసి అందరికీ పంచి, అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే, వారు సగటున 4.26 వేశారు. ఎవరికైనా వర్తించే వాక్యాన్ని అచ్చంగా తన గురించే రాశారనుకునే ఈ ధోరణికి, సర్కస్ వ్యాపారి బార్నమ్ పేరు మీద 'బార్నమ్ ప్రభావం' అన్న పేరు తరువాత స్థిరపడింది. నన్నడిగితే ఇందులో వింతేమీ లేదు. అటువంటి వాక్యం లుంగీ వంటిది, ఏ నడుముకైనా సరిపోతుంది.

సంగతి తెలిశాక ఫోరర్ విద్యార్థులు పగలబడి నవ్వారు గానీ, మావాళ్లు అంత తేలిగ్గా లొంగలేదు. ఆ నివేదిక అచ్చంగా తనదేననీ, దాన్నే పొరపాటున మిగిలిన వారందరికీ పంపి తన ఆంతరంగిక విషయాలు బయటపెట్టారనీ పెద్దాయన హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు రాశారు. అదే ఫిర్యాదుతో రిసెప్షన్ అమ్మాయి అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

చివరకు అసలు నివేదికలు వచ్చాయి. వాటిలో కన్నీళ్లు తెప్పించే వాక్యాలేవీ లేవు. కొత్త అనుభవాల పట్ల ఆసక్తి, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సర్దుబాటు గుణం, భావోద్వేగ అస్థిరత అనే ఐదు లక్షణాలూ, వాటికెదురుగా పర్సంటైల్ అంకెలూ ఉన్నాయి, అంతే. భావోద్వేగ అస్థిరతలో 88 వచ్చిన కుర్రాడు డిస్టింక్షన్ అనుకుని స్వీట్లు పంచాడు. కర్తవ్యనిష్ఠలో పెద్దాయనకు 31 వచ్చింది. అంటే నూటికి 31 మంది కన్నా ముందున్నారని అర్థమని హెచ్‌ఆర్ అమ్మాయి ఎంత ఓపికగా వివరించినా, 35 రాకపోతే తప్పినట్టేనన్న లెక్కలో పెరిగిన ఆయన ఒక పట్టాన వినలేదు. ఆ పేపరు దిద్దినవారెవరో చెప్పమనీ, రీకౌంటింగ్‌కు ఫీజు ఎంతో కనుక్కోమనీ అడిగారు.