ర్యాంపు స్థలంలోనే దిగాలి

రాజమహేంద్రవరం దానవాయిపేటలో, కాకినాడ రామారావుపేటలో, భీమవరంలో డాబా ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. జనం పెరిగారు, జాగా పెరగలేదు; పైకి కట్టక తప్పదు. ఎత్తుపై మాకు పేచీ లేదు. వీధిని పాడుచేస్తున్నది గేటు దగ్గరి పదడుగులు.

డెల్టాలో కాస్త లోతు తవ్వితే నీరు. అందుకే సెల్లార్ జోలికి పోకుండా, నేలలోకి లోతుగా పునాది స్తంభాలు (పైల్స్) దింపి, స్తంభాల మధ్య కార్లకు చోటు వదిలి, పైన ఇళ్లు కడతారు. వాన భయంతో ఆ పార్కింగ్ నేలను రోడ్డుకు మూడడుగులు మెరక చేస్తారు. చిక్కంతా అక్కడే. కారు సాఫీగా ఎక్కాలంటే ఎనిమిది అడుగులకు ఒక అడుగు చొప్పున లేవాలి. అంటే 24 అడుగుల ర్యాంపు. ముందున్న జాగా పదడుగులైతే కొంత వాలు పెంచి, మిగతాది మురుగు కాలువ మీదుగా రోడ్డెక్కిస్తారు. కాలువ మీద పోతపోసిన ఆ కాంక్రీటు పలక కింద కార్మికుడి పార దూరదు, పూడిక గట్టిపడుతుంది, వెనక్కి తన్నిన నీరు పక్కనున్న పాత ఇంటి గడప తొక్కుతుంది.

రోడ్డూ ఊరుకోదు. పాత పొర గీకకుండా వేసిన ప్రతిసారీ రెండంగుళాలు లేస్తుంది. నాలుగుసార్లకు ఎనిమిది అంగుళాలు. తర్వాత కట్టేవారు ఇంకా మెరక చేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ వాలు చూసి నీటిని నడిపించిన నేల ఇది. వీధి కాలువ దగ్గర ఆ లెక్క ఎందుకు తప్పాలి?

పోయింది కాలువ ఒక్కటే కాదు. పూలమ్మి బుట్ట దించే అరుగు, ఇస్త్రీ బండికి నీడ, సాయంత్రం వీధివైపు వెలిగే దీపం అన్నీ ఉన్నది ఆ పదడుగుల్లోనే. ఇప్పుడక్కడ నిలువెత్తు రేకు గేటు, దాని వెనక చీకటి.

మేము కోరేది కష్టమైనదేమీ కాదు. పార్కింగ్ నేల ఒక్క అడుగే లేపితే ర్యాంపు ఎనిమిది అడుగుల్లో, సొంత స్థలంలోనే ముగుస్తుంది. తడవకూడనిది కరెంటు ప్యానెల్. దాన్ని మూడడుగుల దిమ్మె మీద పెట్టాలి. లిఫ్టు గుంతకు నీరు ఊరకుండా పూత వేయాలి. రోడ్డు, కాలువ, ర్యాంపు మట్టాలు మూడూ ప్లానులో చూపించాలి. కాపురానికి అనుమతి పత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చేముందు ఇంజినీరు టేపు పెట్టి కొలవాలి. రోడ్డు మళ్లీ వేసేముందు పాత పొర గీకాలి. గేటుకు రేకు బదులు ఊచలు పెట్టి, వీధివైపు ఒక్క కొట్టుకైనా గది వదలాలి.

ఇప్పటికే కట్టినవాటి ముందు, కాలువ మీది పోతను కోసి, కొక్కేలతో లేపగలిగే రెండడుగుల పలకలు పరిచే పని నైరుతి రాకముందే మొదలవ్వాలి. ఖర్చు ఆ భవనాలదే.