విప్పి చూడకుండా 'కొత్తది కొనండి' అనొద్దు

గడ్డి కోసే కరెంటు మిషను ఆగిపోయింది, బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చాలా రోజులుగా నలుగుతోంది. అక్కడ ముక్కలు ముక్కలుగా రాసేకంటే ఇక్కడే మొత్తం రాస్తున్నాను. మిషను విప్పి లోపల ఏం పోయిందో చూడకముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కంపెనీ వాళ్లకి లేదు, కమిటీకి లేదు, నాకూ లేదు. విప్పాక అయితే చాలాసార్లు జవాబు దానంతట అదే తెలిసిపోతుంది.

మాది విజయవాడ దగ్గర పోరంకి వైపు. వెనక పిల్లలు ఆడుకునే చిన్న లాన్ ఉంది. మిషను పాతదే, కానీ ఇనుప బాడీ, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు. వానలు మొదలైతే ఇక్కడ గడ్డి ఎలా లేస్తుందో తెలిసిందే, వారం వదిలేస్తే పాములు గుర్తొస్తాయి. సరిగ్గా అప్పుడే ఇది మొరాయించింది. స్విచ్ నొక్కితే జుమ్మని మూలుగుతుంది, బ్లేడు మాత్రం తిరగదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు ప్లగ్గు పెట్టాడు, ఆ మూలుగు విన్నాడు, తీసేశాడు. "మోటారు పోయింది సార్. ఈ మోడల్ ఆపేశారు, స్పేర్లు రావు. కొత్తది తీసుకోండి, పాతదానికి ఐదొందలు తగ్గిస్తాం" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి అలా చెప్పమనే నేర్పి ఉంటారు. అలా నేర్పించిన పద్ధతి మీదే నా కోపమంతా.

ఎందుకంటే మోటారు మూలుగుతూ తిరగడం లేదంటే మోటారు చచ్చిపోయిందని కాదు. ఇలాంటి సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు (కార్బన్ బ్రష్‌లు లేనిది) తనంతట తాను తిరగడం మొదలుపెట్టదు. లోపల రెండు వైండింగులు, అంటే రాగి తీగ చుట్లు, ఉంటాయి. రెండోదానికి వెళ్లే కరెంటును కాస్త ముందుకు జరిపి, మొదటి తోపు ఇచ్చేది కండెన్సర్. అది బలహీనపడితే మోటారుకు కరెంటు అందుతుంది గానీ కదలిక రాదు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను నెమ్మదిస్తే కండెన్సర్ మార్పించని వాళ్లు మన ఊళ్లో ఉన్నారా? ఇదీ అదే సూత్రం. కండెన్సర్ బాగుంటే తర్వాత చూడాల్సింది బేరింగులు పట్టేశాయా, బ్లేడుకి ఏదైనా అడ్డుపడిందా అని. వైండింగ్ మీద అనుమానం ఆ తర్వాతే రావాలి.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన వైండింగ్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "కాలిన కంపు లేదు బాబూ, విప్పుదాం" అన్నాడు. పై మూత తీస్తే గాలి వెళ్లే సందుల్లో ఎండుగడ్డి, దుమ్ము కలిసి చాపలా అట్టకట్టింది. కండెన్సర్ పొట్ట ఉబ్బి, ఒక పక్క జిడ్డు కారింది. ఆయన సిరీస్ బల్బు (కరెంటు దారి ఉందో లేదో చూసే టెస్టు బల్బు) తీసుకుని ఒక వైరు వైండింగ్‌కి, ఇంకోటి బాడీకి తాకించాడు. బల్బు వెలగలేదు. బాడీ షార్ట్ లేదన్నమాట, అంటే వైండింగ్ నుంచి బాడీకి కరెంటు పాకడం లేదు. తర్వాత రెండు వైర్లూ వైండింగ్ కొసలకే పెట్టాడు, బల్బు మసక మసగ్గా వెలిగింది. "రాగి బానే ఉంది. కింద బేరింగ్ పట్టేసింది, కండెన్సర్ పోయింది, అంతే" అన్నాడు. "అయితే కొత్త మోటారు అక్కర్లేదా బాబాయ్?" అంటే, "దీనికా?" అని నవ్వాడు. కండెన్సర్, రెండు బేరింగులు, బ్లేడుకి సాన, కూలీ అన్నీ కలిపి వెయ్యి దాటలేదు. కమిటీ తెప్పించిన కొటేషన్ పంతొమ్మిది వేలు.

బాగైంది కదా, ఇంకా గొడవ ఎందుకు అంటారేమో. గ్రూపులో కొందరు ఇప్పటికీ "పాత మిషను, ఎన్నాళ్లు వస్తుంది, ఎలాగూ డబ్బు ఉంది, మార్చేద్దాం" అంటున్నారు. ఒకాయన లెక్క కూడా చెప్పాడు, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలట. ఈ సగం లెక్క చాలామంది నోట విన్నాను. దీంతో నాకు పేచీ ఉంది. సగం అంటే దేనిలో సగం? మనం వదిలేస్తున్నది ఇనుప డెక్కు (బ్లేడును కప్పే బాడీ), తిరిగి వైండింగ్ చేసుకోగల ఇండక్షన్ మోటారు. పోల్చుతున్నది ఆఫర్‌లో వచ్చే ప్లాస్టిక్ బాడీతో. వాటిలో చాలావాటికి కార్బన్ బ్రష్‌ల మోటారు ఉంటుంది, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కలుండేది. కార్బన్లు అరిగితే మార్చవచ్చు, దానికేం కాదు. కానీ బ్రష్ హోల్డర్ బయటి నుంచి అందకుండా కవరు బిగించేస్తే చిన్న పని కూడా పెద్దదవుతుంది. లెక్క వేయాలంటే అంతే గట్టి మిషను ఇవాళ ఎంతకు వస్తుందో కనుక్కుని దానితో వేయాలి.

నిజంగా వైండింగే కాలిపోయినా నేను వెంటనే చేతులెత్తను. రీవైండింగ్ చేసే వాళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ కావలసినంతమంది ఉన్నారు. పొలాల్లో మోటార్లు కాలిపోయే జిల్లాలివి, ఆ పని ఇక్కడివాళ్లకు కొట్టిన పిండి. పాత తీగ ఎంత గేజిదో, ఎన్ని చుట్లున్నాయో అంతే వేయమనాలి. రాగి తీగే కావాలని ముందే తేల్చుకోవాలి. వార్నిష్ పోసి పూర్తిగా ఆరనివ్వమనాలి, తొందరపెట్టకూడదు.

కానీ అసలు వైండింగ్ ఎందుకు కాలుతుందో ఎవరూ మాట్లాడరు. మా వాచ్‌మన్ వాడే ఎక్స్‌టెన్షన్ వైరు చూస్తే నాకు టెన్షన్ వచ్చింది. ముప్పై మీటర్లు ఉంటుంది, ఒక స్క్వేర్ ఎంఎం సన్న వైరు. పోనూ రానూ కలిపితే దాని రెసిస్టెన్స్ ఒక ఓమ్ దాటుతుంది. మోటారు నడిచేటప్పుడు తీసుకునే ఎనిమిది ఆంపియర్లకు ఎనిమిది తొమ్మిది వోల్టులే పోతాయి. స్టార్టింగ్‌లో అది ఐదారు రెట్లు లాగుతుంది, అప్పుడు 230లో నలభై వోల్టుల పైచిలుకు వైరులోనే తగ్గిపోతుంది. మోటారు లేవలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది. దానికి తోడు తడిగడ్డి మీద, ఒకేసారి పొట్టిగా కోసేయాలని బలవంతంగా నెడతారు. ఇవే మార్చకపోతే పంతొమ్మిది వేల కొత్త మిషను కూడా వచ్చే వానాకాలానికి అదే గతి పడుతుంది. వాచ్‌మన్‌ని తప్పుపట్టేదేమీ లేదు, ఆ వైరు అతనికి ఇచ్చింది కమిటీయే.

మార్చాల్సిన సందర్భాలు లేవని నేను అనడం లేదు. పదహారు అంగుళాల బ్లేడు నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని కొస గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వెళ్తుంది. మోటారు బిగించిన చోట డెక్కు పగిలినా, ఇనుము తుప్పుపట్టి చిల్లులు పడినా ఎం-సీల్ పెట్టి నడపడం నేరం. పక్కన పిల్లలుంటారు. లివర్ వదిలితే ఆగిపోవాల్సిన స్విచ్ పాడైతే, దాన్ని తీసేసి డైరెక్ట్ చేసిస్తానన్న మెకానిక్ దగ్గర మిషను ఒక్క నిమిషం కూడా ఉంచకండి. బ్యాటరీ మిషన్లలో ప్యాక్ చచ్చిపోయి, కంపెనీ ఆ ప్యాక్ అమ్మడం మానేస్తే అక్కడ నేనూ కొత్తదే అంటాను. లిథియం సెల్స్ తెచ్చి ఎక్కడపడితే అక్కడ అతికించుకునే వ్యవహారం కాదు అది.

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగాక సింగ్ నగర్ వీధుల్లో వాషింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు, కూలర్లు బురదతో గుట్టలు పడి ఉండటం చూశాను. నీళ్లలో మునిగిన మోటారుని వెంటనే ప్లగ్గు పెట్టకుండా విప్పి, కడిగి, ఆరబెట్టి, వార్నిష్ వేసి, బేరింగులు మారిస్తే చాలావరకు బతుకుతుంది. ఆ సంగతి తెలియక, చెప్పేవాళ్లు దగ్గర లేక ఎంతమంది తూకానికి ఇచ్చేసి ఉంటారో తలచుకుంటే బాధేస్తుంది. అప్పు చేసి కొనుక్కున్న సామాను అది. పంతొమ్మిది వేలు మా అపార్ట్‌మెంట్‌కి భారం కాకపోవచ్చు. 'విప్పకుండానే మార్చేయండి' అనే మాట మాత్రం అందరి ఇళ్లకూ వెళ్తుంది, అక్కడ అది భారమే.

చట్టాల సంగతికొస్తే, 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో దీనికోసం ఒక పోర్టల్ కూడా పెట్టారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల్లో గడ్డి కోసే కరెంటు పరికరాలు కూడా ఉన్నాయి, వాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుడిదే. మంచిదే. పారేశాక బాధ్యత పెట్టినట్టే పారేయకముందు కూడా పెట్టాలి. మోడల్ ఆపేసినా ఇన్నేళ్ల పాటు బ్లేడు, స్విచ్, కండెన్సర్ అమ్మి తీరాలని రాయాలి. లోపలి భాగాల బొమ్మ, నంబర్లతో సహా పెట్టెలోనే ఇవ్వాలి. మా మిషనుకి కండెన్సర్ విలువ, బేరింగ్ నంబరు వాటి మీదే రాసి ఉన్నాయి కాబట్టి ఏ కొట్లోనైనా దొరికాయి. అవి ప్రత్యేకమైన కొలతల్లో చేసి ఉంటే ఆటోనగర్ పెద్దాయన కూడా ఏం చేయగలడు?

ఆదివారం కమిటీ మీటింగు ఉంది. కొత్త మిషనుకని పక్కన పెట్టిన డబ్బులోంచి రెండున్నర స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల కేబుల్, ఒక స్పేర్ బ్లేడు, లాన్ వైపు ప్లగ్గుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) అడుగుతాను. డెక్కు అడుగున తుప్పు మొదలైంది, గీకించి రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే పెయింటు) కొట్టించాలి. మిగిలిన డబ్బు ఫండులోనే ఉండనివ్వండి.