జియాలజీ సుత్తి గారికి

మహారాజశ్రీ సుత్తి గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం నేను అడగనక్కర్లేదు. మీరు పడ్డ చోట రాళ్ల క్షేమమే అడగాలి.

మన తొలి పరిచయం గుర్తుందా? ఎమ్మెస్సీ మొదటి ఏడాది, గండికోట ఫీల్డ్ ట్రిప్. లోయలో పెన్నా, రెండు పక్కలా ఇటుకలు పేర్చినట్టు ఎర్రటి క్వార్ట్‌జైట్ రాతి పొరలు. కొండకు పెన్నమ్మ గండి కొట్టింది కాబట్టే కోటకు ఆ పేరు. ఆవిడకు ఎన్ని యుగాలు పట్టిందో గానీ, మేం బస్సు దిగిన ఐదు నిమిషాలకే కొట్టడం మొదలుపెట్టాం. సార్ క్లైనోమీటర్ తీసి పొర ఎటు వాలిందో, ఎంత వాలిందో చూపిస్తున్నారు. ఎవరు విన్నారు? సార్ చెప్పేదాన్ని సుత్తి అన్నాం, చేతిలో ఉన్న సుత్తిని చదువు అనుకున్నాం.

అక్కడో పలక మీద అలల గుర్తులున్నాయి. నీళ్లు వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే ముడతలుంటాయే, అచ్చం అవే. నిమిరితే ఒకదాని తర్వాత ఒకటి వేలికి తగులుతున్నాయి. వంద కోట్ల ఏళ్లు దాటినా చెరగని ముడతలు. వాటి మీదికి నా చేతిలోంచి మీరు దిగారు. ఖంగుమని మోగి, నా మోచేతి దాకా జిల్లుమనిపించి ఎగిరొచ్చారు. ఇసుక రేణువుల్ని సిలికా బిగించేసిన రాయి అది, ఊరికే లొంగుతుందా? మూడో దెబ్బకి రూపాయి బిళ్లంత పెచ్చు లేచి మా వాడి కళ్లద్దాలకు తగిలింది. అద్దాలుండబట్టి సరిపోయింది. పలక మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఒక అల పోయింది.

ఫ్రెష్ సర్‌ఫేస్, అంటే అప్పుడే పగిలిన కొత్త ముఖం, చూడొద్దా అంటారు మీరు. నిజమే, ఎండకీ వానకీ నానిన రాయి పైకి ఒక రంగు, లోపల ఇంకో రంగు. కానీ పైనుంచి ఊడిపడ్డ బండలు పక్కనే కుప్పలుగా ఉన్నాయి కదండీ! ఏటా వచ్చే ప్రతి బ్యాచ్‌కీ ఆ పలకే కావాలా?

ఇక ఫోటోలు. స్కేల్ కోసమని, అంటే పొర ఎంత పెద్దదో తెలియాలని, మిమ్మల్ని దాని మీద పడుకోబెడతాం. నా రికార్డులో 11 ఫోటోలు, అన్నిటా నడిమధ్యన పెళ్లికొడుకులా మీరే. పొర వాలు తెలియదు గానీ మీ పిడి రబ్బరు రంగు స్పష్టంగా తెలుస్తోంది. 1872లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఈ కడప, కర్నూలు రాళ్ల వరస అచ్చు వేయించాడు. ఆయన దగ్గరా మీ తాతగారు ఉండే ఉంటారు. కాకపోతే ఆయన నోటుబుక్కు కూడా తెరిచాడు.

మొన్న మళ్లీ వెళ్లాను, లెన్సు, టేపు, నోటుబుక్కుతో. ఆ పలక కనిపించింది. దాని మీద ఇప్పుడు డజనుకు పైగా మచ్చలు. నాదేదో నేనే పోల్చుకోలేకపోయాను.

మిమ్మల్ని తీసుకెళ్లనందుకు కోపగించుకోకండి. వంటింట్లో కొబ్బరికాయలు కొట్టడానికి మా అమ్మకు తెగ నచ్చారట. అక్కడ రోజూ ఫ్రెష్ సర్‌ఫేసే.

ఇట్లు,
ఒకప్పటి మీ మోతగాడు