మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనేనా?

పరకాల దగ్గరి ఊరి అమ్మాయి. మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేశారు. ఆ బిడ్డకు ఇప్పుడు మూడేళ్లు. మళ్లీ ఎనిమిదో నెల. ఈసారి నార్మల్‌కు ప్రయత్నించొచ్చా? ఆ ఊరి ఆశా కార్యకర్తకూ, వరంగల్‌లో ఏళ్ల తరబడి ఆపరేషన్ థియేటర్లో పనిచేసిన నర్సుకూ మధ్య నడిచిన వాదన ఇది.

ఆశమ్మ: ఈసారి బిడ్డ తల కిందికే ఉంది సిస్టర్. అప్పటి కారణం ఇప్పుడు లేదు. మళ్లీ ఎందుకు కోయాలి?

సిస్టర్: పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లితే ఎట్లుంటదో నేను చూసిన. బిడ్డ గర్భసంచిలోంచి కడుపులోకి జారిపోతుంది, తల్లికి లోపలే రక్తం పోతుంది. నిమిషాల్లో పొట్ట తెరవాలి. ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది.

ఆశమ్మ: గర్భసంచిని కింది భాగంలో అడ్డంగా కోసిన వాళ్లలో అట్లా చిట్లేది దాదాపు 200 మందిలో ఒకరికి. ప్రయత్నించిన వాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది.

సిస్టర్: ఆ ఒక్కరు ఏటూరునాగారంలో ఉంటే? అక్కడి నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల దారి ఆశమ్మా. 108 ఎంత వేగంగా వచ్చినా ఏం లాభం?

ఆశమ్మ: ఊళ్లో కనమంటున్ననా? రాత్రీ పగలూ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం ఉన్నచోటనే. హన్మకొండ ప్రసూతి ఆస్పత్రిలోనో, వరంగల్ సీకేఎం ఆస్పత్రిలోనో అడుగుదామంటున్న.

సిస్టర్: అడుగు. కానీ బిడ్డ గుండె చప్పుడు తేడా రావడమే చాలాసార్లు మొదటి గుర్తు. లేబర్ రూం నిండా జనం ఉన్న రాత్రి, ఈమె పక్కనే కూర్చుని దాన్ని చూసేదెవరు? ముందే తేదీ పెట్టుకుంటే అందరూ రెడీగా ఉంటారు.

(ఇక్కడ నేను సిస్టర్ వైపే. కనిపెట్టి చూసే మనిషి లేనిచోట ఆశమ్మ చెప్పిన లెక్క పనికిరాదు.)

ఆశమ్మ: సరే, మూడో కాన్పు సంగతి చెప్పండి. ఇద్దరూ ఆడపిల్లలైతే అత్తింటివాళ్లు ఆగుతారా? రెండు ఆపరేషన్లయ్యాక మాయ కిందికొచ్చి పాత కుట్టు మీద పడితే, అలాంటి వాళ్లలో నూటికి 40 మందికి అది గర్భసంచి కండలోకి దిగిపోతుందట కదా?

సిస్టర్: నిజమే. దాన్ని లాగితే రక్తం ఆగదు. మాయను కదపకుండా, దాంతోపాటే గర్భసంచిని తీసేయాల్సి వస్తుంది. మూత్రాశయానికి అంటుకుని ఉంటే ఇంకా కష్టం. మా పనిలో అంత భయపెట్టే ఆపరేషన్ ఇంకోటి లేదు. కానీ మన దగ్గర చాలామంది రెండో ఆపరేషన్‌తోనే పిల్లలు పుట్టకుండా చేయించుకుంటారు. వాళ్లకు మూడో కాన్పు భయమెక్కడిది?

ఆశమ్మ: ఇక కనొద్దనే మాట ఆమె నోట వచ్చిందా? ఇంట్లోవాళ్లు అనుకున్నారంతే. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 81. కరీంనగర్ జిల్లాలోనైతే మొత్తం మీదే 80 దాటింది. ఇన్ని కోతలూ ప్రాణం మీదికొచ్చే చేశారా? ముహూర్తాలకు చేసినవెన్ని? మొదటి కోత తప్పిస్తే ఈ వాదనే ఉండేది కాదు.

సిస్టర్: మొదటిసారి అనవసరంగా కోయడం తప్పు, ఒప్పుకుంటా. దాన్ని ఈ అమ్మాయి మీద సరిచేయకు. పాత డిశ్చార్జ్ కాగితం ఉందా? లోపల గర్భసంచిని నిలువుగా కోసి ఉంటే నార్మల్ మాటే ఎత్తొద్దు.

ఆశమ్మ: ఉంది. అడ్డకోతేనని రాశారు.

సిస్టర్: అయితే పెద్ద డాక్టర్‌కు చూపించు. ఇంకో మాట. నొప్పులు వాటంతటవే రావాలి. మందులతో తెప్పిస్తే కుట్టు చిట్లే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు తేదీ దాటితే నేను ఆపరేషనే అంటా.

ఆశమ్మ: తేదీ దాటితే డాక్టర్ చెప్పినట్టే. అప్పటిదాకా మాత్రం ఆమె ఎదురుచూస్తానంటోంది సిస్టర్. నొప్పులు మొదలుకాకముందే హన్మకొండలో చుట్టాలింటికి తీసుకొచ్చి ఉంచుతా.